మిరపకాయ బజ్జీ మేనేజరు

లోకంలో ఏం పాడైనా దానికి ఫుట్‌బాల్ మేనేజరే కారణమని నమ్మే మనిషి ఒకడున్నాడంటే మీరు నమ్మరు. మా పక్కింటి ప్రసాదరావుని చూస్తే నమ్ముతారు. కరెంటు పోతే మేనేజరు. చేపలకి తెగులొస్తే మేనేజరు. ఓరోజు మా ఇంట్లో పాలు విరిగిపోయాయని నేను గోల పెడుతుంటే, గోడకి అటువైపు వల కుట్టుకుంటున్నవాడు తలెత్తకుండా, “ఫార్వర్డుల్ని వెనక్కి దింపితే అంతే అక్కా!” అన్నాడు.

ప్రసాదరావు వలమేస్త్రి. చెరువుల్లో చేపలు పట్టే ముఠాకి పెద్ద. మా కొల్లేటి లంక నుంచి గుండుగొలను దాకా ఎవరి చెరువు పట్టుబడికొచ్చినా ఇతని వల దిగాల్సిందే. చెరువుకి ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీదవాణ్ణి తిట్టడానికి దేవుడిచ్చిన గొంతు. ఆ గొంతుతో వాళ్ళింట్లో మంచినీళ్ళడిగితే మా ఇంట్లో నా కోడలు గ్లాసు పట్టుకుని లేచేది.

మా లంకలో ఫుట్‌బాలేమిటని అడగకండి, చెబుతున్నాను. హైస్కూల్లో ఆనంద్ పాల్ అని డ్రిల్లు మాస్టారున్నారు. ఏలూరు నుంచి రోజూ మోటారుసైకిలు మీద వస్తారు. ఆయనే కుర్రాళ్ళని పోగుచేసి టీము కట్టారు. ఆయన్నే మావాళ్ళు మేనేజరంటారు. ఇక గ్రౌండంటారా, మా ఊళ్ళో చదును నేలంటే ఎండగట్టిన చెరువే. చేపలు పట్టేశాక ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడేసి, అడుగు బీటలు వారేదాకా ఎండబెడతారు. మళ్ళీ దున్ని, సున్నం చల్లి, నీళ్ళు పెట్టేదాకా ఆ చెరువు కుర్రాళ్ళది. ఏ ఏడు ఏ చెరువు ఎండితే అదే గ్రౌండు. మేమంతా చుట్టూ గట్టు మీద కూర్చుని చూస్తాం. గట్టిగా తన్నితే బంతి పక్క చెరువులో పడుతుంది. ఎవరో ఒకరు దోనె వేసుకెళ్ళి తెచ్చేలోపు ఇరుపక్షాలవాళ్ళూ టీ తాగి, పెళ్ళి సంబంధాలు కూడా మాట్లాడేసుకుంటారు.

ఆట అయ్యాక అసలు ఆట మొదలవుతుంది. గట్టు మలుపులో విక్టోరియా అని ఒకావిడ టీకొట్టుంది. ప్రసాదరావు ఓ ప్లేటు పుణుగులు, ఒక మిరపకాయ బజ్జీ చెబుతాడు. పుణుగులు ఆటగాళ్ళు. చట్నీతో మధ్యలో గీత గీస్తాడు. బజ్జీని ప్లేటు అంచున నిలబెడతాడు. అది మేనేజరు. జనం చుట్టూ మూగుతారు. ఆటలో ఓనమాలు తెలియని నేను కూడా మూగుతాను. ఎవరు ఎవర్ని ఏమంటున్నారో తెలియకపోతే నాకు అన్నం సయించదు మరి.

“బాబాయ్, ముందున్నోడు అసలు పరిగెత్తలేదు!” అని ఒకడు మొదలెడతాడు.

“ఎలా పరిగెడతాడ్రా? పరిగెత్తమని మేనేజరు చెప్పాలా వద్దా?”

“వాడికి నిన్నట్నుంచీ జ్వరమంట.”

“జ్వరమొచ్చినోణ్ణి ఎవడు దింపాడు? మేనేజరు!”

“గాలి కూడా ఎదురు కొట్టింది కదా బాబాయ్.”

“గాలి అట్నుంచి కొడుతుంటే మనోళ్ళని ఇటు నిలబెట్టిందెవడు? గాలా? మేనేజరు!”

అప్పటికి పుణుగులు ప్లేటంతా తిరిగి నలిగిపోయేవి. చివరికి ప్రసాదరావు బజ్జీ తోక పట్టుకుని పైకెత్తి, “ఈ మేనేజర్ని మార్చాలి!” అని కసుక్కున కొరికేవాడు. సభ ముగిసినట్టు.

తమాషా ఏమిటంటే, పాల్ మాస్టారు కూడా అక్కడే, బల్ల చివర కూర్చుని టీ తాగుతూ ఉండేవారు.

“ఏవండీ మేస్త్రిగారూ, ఎలా ఉన్నానండీ ఇవాళ?” అనేవారు.

“మీలో కారం తక్కువండి మాస్టారూ!” అనేవాడు ఇతను, నోటినిండా మాస్టార్ని నములుతూ.

ఒక్క సంగతి మాత్రం నా కంటపడింది. ఇంతమందిని పేర్చి, తోసి, నలిపేవాడు గోల్‌కీపరు పుణుగుని మాత్రం ముట్టుకునేవాడు కాదు. “అదేంటయ్యా, గోలు పడింది వాడి దగ్గర కదా, వాడి సంగతి చెప్పవేం?” అని ఓసారి అడిగాను.

“అది ఇంకా వేడిగా ఉందక్కా. చల్లారనీ” అన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు ఆ పుణుగుని కాగితంలో చుట్టి, దూరంగా గట్టు చివర ఒంటరిగా కూర్చున్న మా గోల్‌కీపరు బన్నీ చేతిలో పెట్టి పోయాడు.

బన్నీ గురించి చెప్పాలంటే నవ్వు కాస్త పక్కన పెట్టాలి.

నిరుడు వేసవిలో ఓ తెల్లవారుజామున శేషగిరిరావు గారి చెరువులో చేపలు గాలాడక పైకి తేలాయి. శేషగిరిరావు గారంటే మా టీము ప్రెసిడెంటు, కుర్రాళ్ళకి బనియన్లు కొనిపెట్టే పెద్దమనిషి. ఆ చెరువు కాపలా అన్నదమ్ములిద్దరిది, సతీష్, బన్నీ. నీళ్ళు చిలికే ఏరియేటరు రెక్కలకి తాడు చుట్టుకుంటే విప్పడానికి సతీష్ నీళ్ళలోకి దిగాడు. బన్నీ గట్టు మీద స్విచ్చి దగ్గరున్నాడు. అన్న చెయ్యెత్తాడు. ఆగమన్నాడో, వెయ్యమన్నాడో. చేపలు కళ్ళముందు చచ్చిపోతున్నాయి. వెయ్యమన్నాడనుకుని వేశాడు తమ్ముడు. వైరు ఎక్కడో నీళ్ళ లోపల తెగి ఉంది. కరెంటు కొట్టి సతీష్ అక్కడికక్కడే పోయాడు.

ప్రమాదమని పోలీసులు రాసుకున్నారు. ప్రమాదమేనని మేమూ అన్నాం. అంటూనే అందరం వాడి చేతులవంక చూశాం. ఆ చూపులు వాడికి తెలిసిపోయాయి. చేతులు ఒళ్ళో దాచుకుని గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలెట్టాడు. మాట లేదు. వాళ్ళమ్మ వెంకటదుర్గ నా దగ్గరికొచ్చి, “ఒక్క ఆటకి మాత్రం లేస్తున్నాడు పిన్నీ. పాల్ మాస్టారొచ్చి బండి హారను కొడితే లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. అదీ లేకపోతే నాకీ రెండోవాడు కూడా లేనట్టే” అంది.

ఆటకైతే లేచాడు గానీ చేతులు లేవలేదు. చేతిలోకొచ్చిన బంతి జారిపోయేది. చింతలపూడివాళ్ళతో ఓడాం. గూడెంవాళ్ళతో ఓడాం. గుండుగొలనువాళ్ళు పెళ్ళికెళ్తూ దారిలో ఆగి మమ్మల్ని ఓడించిపోయారు. ఆ ఏడు తెగుళ్ళతో చేపలూ పోయాయి. ఊళ్ళో ఎవరి ముఖంలోనూ కళ లేదు. అలాంటప్పుడు జనానికి ఓ మనిషి కావాలి, వేలెత్తి చూపడానికి.

టీకొట్టు దగ్గర ఎవడో గొణిగాడు: “ఆ చేతుల్లో ఏదీ నిలవదురా...”

మాట పూర్తికాలేదు. ప్రసాదరావు బల్ల మీద దభీమని చరిచాడు. పుణుగులన్నీ ఎగిరిపడ్డాయి. “చేతులేంటి, చేతులు! బంతి అక్కడిదాకా ఎందుకొచ్చిందని అడగండ్రా! వెనకాల ఇద్దర్నే పెడతాడా? బుర్రుందా ఆ మేనేజరుకి? డ్రిల్లు మాస్టారా, గొల్లుమనే మాస్టారా?” ఆరోజు తిట్టిన తిట్లకి విక్టోరియా చెవులు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పాల్ మాస్టారు మాత్రం తాపీగా టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు. జనం మేనేజరు మీద పడ్డారు. చేతుల మాట మరుగునపడింది.

అలా ప్రతి ఓటమికీ తిట్టీ తిట్టీ, చివరికి కొంప మీదికి తెచ్చుకున్నాడు. ఉండి ఊరివాళ్ళతో ఆటకి ముందు శేషగిరిరావు గారు టీకొట్టుకొచ్చి, “ప్రసాదరావూ, నువ్వు చెప్పేది నిజమేనయ్యా. మేనేజర్ని మార్చేద్దాం” అన్నారు.

“చాలా సంతోషమండి” అన్నాడు ఇతను అలవాటుగా.

“ఇక నుంచి నువ్వే మేనేజరు.”

పుణుగు గొంతులో పడింది. వీపు మీద నేనే చరిచాను.

పాల్ మాస్టారు నొచ్చుకోలేదు. మెడలో ఈల తీసి ప్రసాదరావు మెడలో వేసి, “ఇక తిట్లు కూడా మీవేనండి మేస్త్రిగారూ” అన్నారు. అది వెక్కిరింపనుకుని అందరూ నవ్వారు. ప్రసాదరావు నవ్వలేదు.

సాయంత్రం గోడ మీంచి చూస్తే వాకిట్లో ప్రసాదరావు మెడలో ఈలతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఏమయ్యా, అంత దిగులేంటి? కోరుకున్నదేగా?”

“ఇప్పుడు నేనెవర్ని తిట్టనక్కా?”

“తిట్టకపోతే ఏం పోయింది?”

“నేను తిట్టకపోతే వాళ్ళు తిడతారు. బన్నీని.” ఈల అంచు కొరుక్కుంటూ అన్నాడు. “ఇంకోసారి ఆ చేతుల మాట వాడి చెవిన పడిందంటే ఇంక లేవడు. నాకు తెలుసు. సతీష్‌గాణ్ణి నీళ్ళలోంచి బయటికి తీసింది నేనేగా. అప్పుడు చూశాను వీడి మొహం.”

గోడ మీంచి ఓ గ్లాసు మంచినీళ్ళు అందించాను. 

ఉండివాళ్ళు ట్రాక్టరు మీద వచ్చారు. ఒక్కొక్కడూ ఆంబోతులా ఉన్నాడు. గట్టు నిండా జనం. ఈల మోగింది. మావాళ్ళు చేసిన పని చూసి నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. పదిమందీ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్క వరసలో, చేతులు చాపుకుని నిలబడ్డారు. నిలబడి, అందరూ ఒక్క అడుగు వేసుకుంటూ ముందుకు నడుస్తున్నారు. చేపల చెరువులో వల లాగినట్టు!

“వరస తెగకూడదు! ఏయ్, ఆ చివరోడు వెనకబడుతున్నాడు! లాగండ్రా, లాగండి!” అని ప్రసాదరావు గట్టు మీద పరుగులు పెడుతున్నాడు.

ఉండి కుర్రాడొకడు కాసేపు వింతగా చూశాడు. బంతిని వరస పైనుంచి అవతలకి తన్నాడు. అవతల బన్నీ తప్ప పురుగు లేదు. గోలు.

ఇంకెప్పుడైనా అయితే అందరి తలలూ బన్నీ వైపు తిరిగేవి. ఈసారి గట్టు మొత్తం ప్రసాదరావు వైపు తిరిగింది.

“ఏవయ్యా, వెనకాల ఒక్కడూ లేడేంటయ్యా?” అని శేషగిరిరావు గారు అరిచారు.

“వల లోపల మనిషెందుకుంటాడండీ? చేపుంటది!”

“ఆ చేపే గోలేసిందయ్యా!”

రెండో గోలు పడింది. మూడోదీ పడింది. ముగ్గురేసి, నలుగురేసి ఒక్కడి మీదికి వస్తుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ముసలమ్మలు కూడా మేనేజర్నే తిడుతున్నారు. బన్నీని పల్లెత్తు మాటన్న మనిషి లేడు.

అప్పుడు జరిగిందది. ఉండివాడు దగ్గర్నుంచి గట్టిగా తన్నాడు. బన్నీ పక్కకి దూకాడు. దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే బంతి గోల్లో లేదు. వాడి రెండు చేతుల మధ్య ఉంది.

 ఎవడో వలముఠావాడు, పెద్ద చేప పడ్డప్పుడు అరిచినట్టు, “పట్టాడ్రోయ్!” అని కేకేశాడు. అంతే, గట్టంతా లేచింది. బన్నీ మాత్రం లేవలేదు. బంతిని పొట్టకి హత్తుకుని నేల మీద అలాగే పడుకున్నాడు. రిఫరీ ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. వెంకటదుర్గ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు ఒకటి విరిగింది. నేను చూసుకోలేదు.

ఆ తర్వాత కూడా గోల్స్ పడ్డాయి, చాలానే పడ్డాయి. అవన్నీ మేనేజరు ఖాతాలోకి వెళ్ళాయి. ఆపినవన్నీ బన్నీవి. ఓడిపోయి ఇంత కేకలేసిన ఊరు ఇంకోటి ఉండదు. ఎవరు గెలిచారో ఉండివాళ్ళకే అనుమానమొచ్చింది.

టీకొట్టు దగ్గరికి వెళ్ళేలోపు మేస్త్రిని పక్కకి లాగాను. “నిజం చెప్పు. అంత దిక్కుమాలిన ఎత్తు కావాలనే వేశావా?”

“ఛ ఛ, గెలుద్దామనే వేశానక్కా!” అన్నాడు, చెరువుకేసి చూస్తూ. “నిన్న పాల్ మాస్టారికి కూడా చూపించాను. చూసి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, ఇదే వెయ్యండి మేస్త్రిగారూ, ఇంతకన్నా మంచిది లేదన్నారు.”

కొట్టు ముందు జనం మూగారు. ప్రసాదరావు పుణుగుల్ని ఒకే వరసలో పేర్చాడు. బజ్జీని అంచున నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఈ ప్రసాదరావుగాడున్నాడే, వీడికి బుర్రుందా అని అడుగుతున్నాను! చేపకీ బంతికీ తేడా తెలియనోణ్ణి మేనేజర్ని చేస్తారా ఎవరైనా? వీడి బతుకంతా బురదలో తిరగడమే! వీడు...”

“ఏమయ్యా, ఆ ప్రసాదరావు నువ్వే కదా” అన్నారు శేషగిరిరావు గారు.

“ఎవడైతేనేంటండీ! మేనేజరు మేనేజరే!”

ఆ గోలలో జనం పక్కకి జరిగారు. గట్టు చివర కూర్చోవాల్సిన బన్నీ కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా చెరువు మట్టి. అందరి ఎదుటా చెయ్యి చాపాడు. తన పుణుగు కోసమనుకున్నాం. వాడు పుణుగు ముట్టుకోలేదు. బజ్జీ తోక పట్టుకుని పైకెత్తాడు.

“ఈ మేనేజర్ని మార్చాలండి బాబాయ్” అని కసుక్కున కొరికాడు.

ఏడాదికి వాడి నోట విన్న మొదటి మాట. బల్ల చివర పాల్ మాస్టారి చేతిలో బిస్కెట్టు టీలో మునిగిపోయింది. ప్రసాదరావు మొహం ఎర్రబడింది. కళ్ళు కూడా.

“నీకేం తెలుసురా ఫుట్‌బాల్ గురించి, వెధవా!” అని గట్టు దద్దరిల్లేలా అరిచి, అదే గొంతుతో, “విక్టోరియా! ఇంకో ప్లేటమ్మా! ఈసారి మేనేజర్లు రెండెయ్!” అన్నాడు.