పులి లేని నేల మీద మొక్కు

ఆఫ్రికాలో పులులెందుకు లేవో చెప్పమని సత్తిరాజు నా ప్రాణం తీస్తున్నాడు. సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, చెప్పలేక కాదు. చెప్పిన ప్రతిసారీ ఆ మనిషి ఇంకాస్త కుంగిపోతున్నాడు. అతన్ని గేటు దగ్గర చూస్తే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది.

సత్తిరాజుది పి.గన్నవరంలో మా వీధే. కొబ్బరి దింపు అతని పని. చెట్టెక్కి గెలలు కోయడంలో అతని చురుకు ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు. కూతురు సాయిదుర్గకి చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది. పిల్ల దక్కితే ఏటా దసరాకి పులివేషం కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడు. మొక్కు వేషానికి మా వీధిలో ఒక పద్ధతుంది. ఊరంతా ఆడాక, ఎవరికోసం మొక్కుకున్నారో ఆ బిడ్డని నేల మీద పడుకోబెడతారు. వేషం కట్టినవాడి మీదకి పులే వస్తుందని నమ్మకం. ఆ పులి ఒక్క గెంతులో బిడ్డని దాటాలి. దాటితే ఆ ఏడాదికి గండం గడిచినట్టే.

ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని డప్పుకి తగ్గట్టు సత్తిరాజు గెంతుతుంటే మా ఆవిడ సైతం గుమ్మంలోంచి వెనక్కి జరిగేది. సాయిదుర్గ మాత్రం దుమ్ములో పడుకుని పకపకా నవ్వేది. "నాన్నా, తోక సరిగ్గా కట్టుకో, ఊడిపోద్ది!" అని అరిచేది. ఆ నవ్వు చూసి మేమందరం పిల్ల గట్టెక్కిందనే అనుకున్నాం.

పిల్లకి పద్నాలుగో ఏడు వచ్చేసరికి ఆయాసం ముదిరింది. వైద్యం కోసమని సత్తిరాజు టాంజానియాలో కొబ్బరి తోటల పనికి వెళ్ళాడు. దసరా వచ్చింది. సెలవు దొరకలేదు. మొక్కు మానడానికి వీల్లేదు. తోటలోనే రంగులు పూసుకున్నాడు. ఇక్కడ అతని భార్య చిన్నమ్మలు పిల్లని అరుగు మీద పడుకోబెట్టి వీడియో కాల్ కలిపింది. అక్కడతను ఫోన్ని నేల మీద పెట్టి దాని మీంచి దూకాడు. నేనూ చూశాను. తెర మీద ఒక్క క్షణం పసుపు పొట్ట, చారలు కనపడి మాయమయ్యాయి. సాయిదుర్గ రొప్పుతూనే చప్పట్లు కొట్టింది.

ఈ చోద్యం చూసిన తోట కాపలాదారు, మా గడ్డ మీద సింహం ఉంది, చిరుత ఉంది, ఈ చారల జంతువు మాత్రం అడవిలో ఎక్కడా లేదని సత్తిరాజుతో అన్నాడట. దీపావళి లోపే పిల్ల పోయింది. అతను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. కడసారి ముఖం కూడా చూసుకోలేదు.

అప్పట్నుంచి ఒకటే ప్రశ్న. నేను ఓపిగ్గానే చెప్పాను. పులి జాతి పెరిగింది ఆసియాలో. పొంచి ఉండడానికి దానికి దట్టమైన అడవో, రెల్లు దుబ్బులో కావాలి. పక్కన నీళ్ళుండాలి. అలాంటి చోటు చూసుకుంటూ పడమరగా కాస్పియన్ సముద్రం దాకా వెళ్ళింది. ఆఫ్రికా దారిలో ఎడారులు అడ్డం. సింహం బయళ్ళలో బతకగలదు కనక అక్కడా ఉంది, మన గుజరాత్‌లోనూ ఉంది. శాస్త్రజ్ఞులకి ఇందులో అన్నీ తేలలేదు గానీ ఇది మాత్రం గట్టి కారణమే అన్నాను.

"ఆయ్. పులే అక్కడికి రాలేదన్నమాటండి. మరి నా మీదకెలాగొస్తాదండీ మాస్టారూ? ఉత్త రంగులేసుకున్న మనిషి దూకేడండి. నా పిల్లని దాటింది పులి కాదండి."

నాకు ఒళ్ళు మండింది. పాఠానికీ పిల్ల చావుకీ ముడిపెడతావేమయ్యా అని కేకలేశాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు. చెట్లెక్కడం మానేశాడు. అన్నం పెడితే కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. "మీరైనా గట్టిగా సెప్పండి మాస్టారూ. ఆయన మనిషిలో లేరండి" అని చిన్నమ్మలు చేతులు పట్టుకుంది.

నిన్న అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"అక్కడ పులులుండుంటే నా పిల్ల బతికేదాండీ?" అన్నాడు.

"బతికేది కాదు సత్తిరాజూ. నువ్వొచ్చి మన వీధిలో దూకినా బతికేది కాదు. గుండె అంత పాడైపోయింది. నీ తప్పేమీ లేదయ్యా."

ఈ మాటతో తేలికపడతాడనుకున్నాను.

"నేను సరిగ్గా సేసుంటే బతికేదనుకుని ఇన్నాళ్ళూ ఏడ్సేనండి. ఏం సేసినా బతకదాండీ? అయితే దానికి నాన్న ఉన్నా లేకపోయినా ఒకటేనాండీ?"