ఎడమ రెక్క

మా పైవాటాలో ఉండే ఈగలక్కకి ఆ పేరు పెట్టింది మా వీధే. ఆమె పని పురుగుల బొమ్మలు గీయడం. ఎండిన పురుగుల్ని సూదులకి గుచ్చి అద్దాల పెట్టెల్లో దాచే పరిశోధనశాలలో, కిటికీ పక్క బల్ల ఆమెది. అంతకుముందు దుకాణాలకి బోర్డులు రాసేది. మనిషెత్తు అక్షరాలు రాసిన చెయ్యి, ఇప్పుడు ఈగ కాలి మీద వెంట్రుకలు గీస్తోంది. "అప్పుడు నిచ్చెనెక్కి పని, ఇప్పుడు భూతద్దంలోకి దిగి పని, అంతే తేడా" అనేది.

ఆ పనిలో ఒక సులువుంది. పురుగుని సగమే గీస్తారు. ఒంటి మధ్యన నిలువుగీత పెట్టుకుని కుడి సగం ఓపిగ్గా గీసి, దాన్ని పలచటి కాగితం మీదకి ఎత్తుకుని, తిరగేసి ఎడమపక్క దించేస్తారు. రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి కదా! అక్క ఇది చెప్పినప్పుడు నేనూ అవునవునని తలూపాను. అందులో తప్పు పట్టడానికి ఏముంటుంది?

వాళ్ళ పెద్దమేడమ్‌కి ప్రాణం ఒకే రకం ఈగల మీద. చూస్తే తేనెటీగే అనుకుంటాం. ఒళ్ళంతా మెత్తటి బొచ్చు, ముందుకి పొడుచుకొచ్చిన సూదిలాంటి మూతి. తీరా చూస్తే రెక్కలు తేనెటీగకిలా నాలుగు కాదు, రెండే, కుట్టడం అసలే రాదు. "వేషమే గానీ విషయం లేదు" అనేవాడు అక్క మొగుడు. ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు.

ఆ రకం ఈగ ఒకటి పరిశోధనశాల వెనక ఇటుకల కుప్ప దగ్గర మేడమ్‌కి చిక్కింది. దాని రెక్కలో ఒక అడ్డునరం ఎక్కువుంది. ఆకుకి ఈనెలున్నట్టు రెక్కకి నరాలుంటాయట, వాటి లెక్కని బట్టే ఏ ఈగ ఏదో చెప్తారట. ఇలాంటి నరం దాని చుట్టాల్లో దేనికీ లేదు. లోకానికి కొత్త ఈగ! మేడమ్ దాని బొచ్చు రంగు, మూతి పొడవు, కాళ్ళ తీరు అన్నీ వర్ణించి వ్యాసం రాసింది. అక్క బొమ్మ గీసింది. శాస్త్ర పత్రికవాళ్ళు అచ్చేస్తామన్నారు. ఆ రోజు మేడమ్ అక్క బల్ల దగ్గరికొచ్చి, "దీనికి నీ పేరు పెడుతున్నాను" అంది.

అక్క చేతిలో కుంచె కింద పెట్టిందట. "నా పేరా? నా పేరు మా వీధిలోనే ఎవరికీ తెలీదు మేడమ్" అని మాత్రం అనగలిగింది.

ఇంట్లో సంగతి చెప్పగానే అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. "పోయిపోయి ఈగకా! ఆ సీతాకోకచిలుకకైనా పెట్టించుకోలేకపోయావుటే?"

"అడిగి పెట్టించుకునేది కాదత్తయ్యా."

"ఇకనించి ఇంట్లో ఈగని కొట్టాలంటే నీ అనుమతి తీసుకోవాలేమో" అన్నాడు మొగుడు.

అన్నాడే గానీ, కొట్టుకి తాళం చెవి చేయించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అత్తగారు సరేసరి. ఆవిడ నోట పడ్డాక వీధికంతా తెలిసిపోయింది. అక్క పైకి విసుక్కునేది గానీ, మెట్లెక్కుతూ తన పేరు తనే గొణుక్కోవడం నేను విన్నాను. బోర్డుల మీద ఊరందరి పేర్లూ రాసిన మనిషి. తన పేరు ఎక్కడా రాసుకోలేదు.

ఈగని దూరాన ఉన్న పెద్ద మ్యూజియానికి పంపాలి. కొత్త జాతి అన్నాక దాని మొదటి ఈగ అలాంటిచోట భద్రంగా ఉండాలట. దాని ఎడమ రెక్క మొదట్నించీ ముడుచుకుపోయి బొచ్చులో ఇరుక్కుని ఉంది. అలాగే పంపితే దారిలో విరుగుతుందని, సరిచేయమని మేడమ్ అక్కకిచ్చింది. తడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచి మూత పెడితే ఎండిన పురుగు మెత్తబడుతుంది. మెత్తబడ్డాక అక్క సన్నటి కుంచెతో రెక్కని బయటికి లాగి, పరిచి, భూతద్దం కింద పెట్టింది.

ఆ అడ్డునరం లేదు.

దీపం జరిపింది. కళ్ళు తుడుచుకుంది. అద్దం తుడిచింది. కుడి రెక్కలో ఉంది, ఎడమ రెక్కలో లేదు. ఎడమ రెక్క అచ్చం ఇటుకల దగ్గర రోజూ తిరిగే మామూలు బొచ్చు ఈగదే. "కుర్చీలో కూర్చునే ఉన్నాను గానీ ఎక్కణ్ణించో పడిపోతున్నట్టుంది తమ్ముడూ" అంది నాతో.

రెక్క ఇంకా తడిగానే ఉంది. మళ్ళీ ముడిచి బొచ్చులోకి తోసేస్తే ఆరిపోతుంది. మ్యూజియంలో ఎవరు విప్పి చూస్తారు? పక్కగదిలో మేడమ్ ఫోన్లో ఎవరికో అక్క పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్తోంది. అక్క కుంచె రెక్క అంచుకి ఆనించి అంతా విన్నది. పేరు చివరి అక్షరం దాకా విన్నది.

"మేడమ్, ఒకసారి రండి."

"ఏమైంది? విరిగిందా?"

"విరిగితే బాగుండేది."

మేడమ్ భూతద్దం మీదకి వంగింది. వంగిన మనిషి ఎంతకీ లేవలేదు. లేచి అద్దం పక్కకి నెట్టింది. "ఇది మన పాత ఈగే. కుడి రెక్కలో ఒక నరం ఎక్కువ పుట్టిందంతే."

"మరి బొచ్చు రంగు? మూతి పొడవు?"

"కొత్తదనుకున్నాక కొత్తగానే కనపడ్డాయి." మేడమ్ స్టూలు మీద కూలబడింది. "ఎడమది ముడుచుకుంది కదా అని నేను కుడిదే చూసి రాశాను."

"నేను కుడిదే చూసి గీశాను."

మేడమ్ లేచి పత్రికవాళ్ళకి ఫోన్ చేసి, వ్యాసం ఆపేయమంది. అక్క పేరు ఈసారి ఎత్తలేదు.

ఇంట్లో అత్తగారు నమ్మలేదు. "ఈగ లేదంటావేమిటే? వీధంతా చెప్పానే!"

"ఈగ ఉందత్తయ్యా. కొత్తది కాదు."

"ఆ రెక్క చూసిందెవరు?"

"నేనే."

"వెళ్ళి చెప్పిందెవరు?"

"నేనే."

అత్తగారు కోడలి చేతిలో సంచీ తీసుకుని తనే లోపల పెట్టింది. ఆవిడ అలా చేయడం మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. మొగుడు ఏదో హాస్యమాడబోయి, అక్క మొహం చూసి, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అక్కకి అసలు దెబ్బ మర్నాడు పొద్దున తగిలింది. పరిశోధనశాలకి వెళ్ళేసరికి మేడమ్ అప్పటికే వచ్చి బీరువాలన్నీ బార్లా తెరిచి నిలబడి ఉంది. వరసగా అద్దాల పెట్టెలు. అన్నీ అక్క గీసిన పురుగులే. ఆ బొమ్మల్ని నమ్మి ఎందరో శాస్త్రవేత్తలు ఎన్నో వ్యాసాలు రాశారు.

"వీటిల్లో ఎడమపక్క చూసి గీసినవెన్ని?" అంది మేడమ్.

అక్క రాత్రంతా పోయిన పేరు గురించే ఏడ్చింది గానీ, ఈ సంగతి తట్టనే లేదు.

"ఒక్కటీ లేదు మేడమ్."

అక్క దీపం వెలిగించి, భూతద్దం దగ్గరికి లాక్కుని, పై అరలోంచి మొదటి పెట్టె దించింది. తను గీయడం మొదలుపెట్టిన కొత్తలో గీసిన నల్లపురుగు అందులో ఉంది. సూది పట్టుకుని దాన్ని మెల్లగా ఎడమపక్క కనపడేలా తిప్పుతుంటే, మేడమ్ ఆమె భుజం గట్టిగా పట్టుకుందట.