కాగితం చదివిన నాయకుడు

నాకు పెండ్లయిన కొత్తల, నిజాం పాలన పోయినాక, పట్నం నుంచి ఒక నాయకుడు సిద్దిపేటకు వచ్చిండు. మాది కొండపాక. లెవీ కింద సర్కారోళ్లు గుంజుకపోయిన వడ్ల సంగతి అడుగుదామని మా అత్త బండి కట్టించి, నన్ను గూడ తీస్కపోయింది.

ఆయన ఇస్త్రీ బట్టలేసుకొని నిలవడి, జేబుల నుంచి కాగితాలు తీసి చదువుడు మొదలువెట్టిండు. తల ఎత్తి మమ్ముల చూడనేలేదు. కాల్వల నీళ్లతోని మూడు పంటలు తీసే మా అదృష్టాన్ని తెగ మెచ్చుకున్నడు. మా దిక్కు కాల్వనే లేదు, ఎండకాలం వస్తే తాగనీకె నీళ్లుండవు. ఎవరో ఎక్కిరిస్తూ చప్పట్లు కొట్టిన్రు. మెచ్చుకుంటున్నరనుకొని ఆయన దండం వెట్టి, అదే ముక్క మళ్ల చదివిండు. జనం పడిపడి నవ్విన్రు.

మా అత్త లేచి, "అయ్యా, మా వడ్ల సంగతేంది?" అని అడిగింది.

ఆయన కాగితాలు తిప్పి తిప్పి చూసిండు. వాటిల వడ్ల మాట లేదు. "అది గూడ చెప్తనమ్మా" అని మళ్ల కాల్వల కాడికే పోయిండు.

"ఎవరో రాసిచ్చింది చదువుతుండు, ఈయనకు నోరు గూడ కిరాయిదే. లే, పోదాం" అన్నది అత్త.

మా ఎనక ఆడోళ్లు లేచిన్రు, వాళ్ల ఎనక మొగోళ్లు. మేము బండెక్కేటప్పటికి ఆయన మనుషులు తప్ప అక్కడ ఎవరూ మిగల్లేదు. ఆయన మాత్రం, వేలాదిగ తరలివచ్చి ఓపికగ కూసున్న ప్రజలకు ధన్యవాదాలు చదువుతున్నడు.

మా వడ్ల ముచ్చట తర్వాత ఎవరూ ఎత్తలేదు. గసొంటోని ముందర అంతసేపు కూసున్నందుకు నాకు ఇప్పటికీ రోతే.