ఒకవేళ పెద్దమ్మ

మా పెద్దమ్మ నోరు తెరిస్తే మొదటి మాట "ఒకవేళ". ఒకవేళ వాన పడితే, ఒకవేళ తాళంచెవి పోతే, ఒకవేళ ఫొటోలు తీసేవాడు రాకపోతే. అందుకని మా వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను ఒకవేళ పెద్దమ్మ అనే అంటారు, అదీ ఆవిడ వెనకాలే. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. రొట్టెల్ని బట్టీలోకి తోసే పొడుగాటి చెక్క తెడ్డు ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుంది మరి.

పుట్టుకతోనే ఆవిడ ఇలా లేదట. చిన్నప్పుడు పరీక్షకు పెన్ను లేకుండా వెళ్లిన మనిషని మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఈ మాట ఆవిడకు అంటుకున్నది మహమ్మారి వచ్చిన ఏడాది. అంతకుముందు వరకు పెద్దమ్మా పెదనాన్నా బేకరీ చూసుకుంటూ, గొడవపడుతూ, హాయిగా ఉండేవాళ్లు. ముందు గదిలో అద్దాల బీరువా, బల్ల. మధ్య గదిలో పిండి పిసికే పెద్ద చెక్క బల్ల, గోడవారగా బస్తాలు. వెనక గదిలో ఇటుకల బట్టీ, దాని పొగగొట్టం పక్కింటి వైపు. గొడవపడేది పెద్దమ్మ ఒక్కతే. పెదనాన్న బట్టీ ముందు కూర్చుని కట్టెలు సర్దుకునేవాడు.

అన్నీ మూసేసిన ఆ రోజుల్లో కూడా రొట్టెలు చేసుకోవచ్చని సర్కారువాళ్లు చెప్పారు. గోధుమలు చుట్టుపక్కల పొలాల్లోవే. పిండిమర వీధి చివరే. కట్టెలు, ఉప్పు, నీళ్లు, పిసికే చేతులు అన్నీ ఉన్నాయి. పిండిని పొంగించే ఈస్టు పొడి ఒక్కటి మాత్రం ఓడ మీద రావాలి. ఆ ఓడ ఎక్కడో రేవులో ఆగిపోయింది. చిటికెడు పొడి లేక అంత బట్టీ చల్లారిపోయింది. జనం వచ్చి మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగిపోయేవారు. పిండి పిసికే మనుషులిద్దరూ మరో పని వెతుక్కున్నారు. పెద్దమ్మ మాత్రం రోజూ వెనక గదిలోకి వెళ్లి, చల్లటి ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసి వచ్చేది.

"పిండి ఉంది, నిప్పు ఉంది, తినేవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు. మధ్యలో ఈ పొడెవరే మనకి? మన బట్టీ ఆర్పే అధికారం దానికెవరిచ్చారు?" అని నా మీద ఎగిరింది, ఆ ఓడను నేనే ఆపినట్టు.

తర్వాత కొట్లు తెరిచారు, ఈస్టూ వచ్చింది. ఊళ్లో బేకరీలవాళ్లంతా ఆ సంగతి మరిచిపోయారు. మా పెద్దమ్మ మరిచిపోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒక్కసారి చాలంది. "పెరుగుకు తోడు ఉన్నట్టే పిండికీ తోడు ఉండదా?" అని, గిన్నెలో పిండీ నీళ్లూ కలిపి మూతపెట్టి మూల ఉంచింది. ఆ సంగతి కొత్తదేం కాదు, ఈస్టు పొడి పుట్టకముందు లోకమంతా అలాగే రొట్టెలు చేసుకుంది. కానీ మా ఇంట్లో ఎవరికీ తెలీదు కదా. మొదటి గిన్నె కుళ్లింది. రెండోది బూజు పట్టింది. మూడోదాని వాసనకు పెదనాన్న లేచి, బట్టీ వెనక ఎలకేమైనా చచ్చిందా అని టార్చిలైటు వేసి వెతికాడు. పెద్దమ్మ వదల్లేదు. చివరికి ఒక ఉదయం గిన్నె మూత తనంతట తనే లేచి పక్కకు ఒరిగి ఉంది. లోపల పిండి బుడగలు వేస్తూ, పుల్లటి కమ్మటి వాసనతో పొంగి ఉంది. దాంతో చేసిన మొదటి రొట్టె పెదనాన్న తిని, "ఇంకోటి పెట్టు" అన్నాడు. ఆయన లెక్కలో అది సన్మానసభలో ఉపన్యాసం.

మరొకరైతే అక్కడితో సంతోషించి ఊరుకునేవారు. ఈవిడ ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. "ఒకవేళ ఇది చచ్చిపోతే?"

అందుకని వీధిలో ఇల్లిల్లూ తిరిగి తలా ఒక గిన్నె తోడుపిండి పంచింది. రోజూ అందులో కొంత తీసేసి, పిడికెడు కొత్త పిండీ కాసిని నీళ్లూ కలపాలి, అంతే. మా వీధివాళ్లు తక్కువవాళ్లా? "మా ఇంట్లో మనుషులకు పెట్టడానికే ఓపిక లేదమ్మా, ఇక పిండికి కూడా పిండి పెట్టాలా?" అని మంగలి భార్య మొహం మీదే అనేసింది. పెద్దమ్మ పిండి తనే ఇస్తానంది. గిన్నె బతికించినవాళ్లకు శనివారం శనివారం ఒక రొట్టె ఊరికే ఇస్తానంది. ఊరికే వస్తే ఎవరు కాదంటారు?

ఇక శనివారం వచ్చిందంటే వీధికి పరీక్షే. పెద్దమ్మ చెంచా పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, మూత తీసి, వాసన చూసి, తీర్పు చెప్పేది. రిటైరైన టీచరమ్మ జాలిగుండె మనిషి. పాపం ఆకలేస్తుందేమోనని పూటకోసారి పెట్టింది. ఆ పిండి పొంగి, గిన్నె దిగి, బీరువాలోని పట్టుచీరల మడతల్లోకి పాకింది. ఇంకొకరు పంచదార వేశారు, మరొకరు వేడినీళ్లు పోశారు. అందరికీ అక్షింతలు పడ్డాయి. ఎవరి గిన్నె బాగుంటే మాత్రం, "చూశారా, నా చేతి చలవ" అనేది పెద్దమ్మ.

ఆవిడ తోడుపిండి ఇవ్వని ఇల్లు ఒక్కటే, పక్కింటి టైలరుది. మా పొగగొట్టం మసి వచ్చి తను కుట్టే తెల్లబట్టల మీద పడుతోందని ఆయన ఎప్పుడో అన్నాడు. "బట్టీ అన్నాక పొగ రాక పన్నీరొస్తుందా?" అని ఈవిడ అంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. పెద్దమ్మ నోట ఆయన పేరు "ఆ సూదిమనిషి".

ఏళ్లు గడిచాయి. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం మొదలైంది. మాకేమిటిలే అనుకున్నాం. నూనె ధర పెరిగింది, తర్వాత మందులు కరువయ్యాయి, ఆపైన ఓ రోజు కొట్లలో ఈస్టు లేదన్నారు. ఊళ్లో బేకరీలు ఒక్కొక్కటే తలుపులు వేశాయి. మా బట్టీ మాత్రం రాజాలా మండుతూనే ఉంది. నేను బల్ల దగ్గర కూర్చుని రొట్టెలు అందిస్తుంటే, వరస వీధి మలుపు దాటేది. అప్పుడు పెద్దమ్మ నడక చూడాలి. నేల మీద కాలు ఆనితే ఒట్టు.

పెద్ద ఆసుపత్రికి రొట్టెల్లో సగం మావి, సగం ఏదో కంపెనీవి. కంపెనీ బండి రావడం మానేసింది. ఆసుపత్రి వంటగది మేనేజరు ఉదయాన్నే పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇక మొత్తం మీరే పంపాలి. పంపగలరా?"

"పంపగలరా అని నన్నే అడుగుతున్నావా బాబూ?"

"అది కాదమ్మా. ఒక్క పూట ఆగినా మంచాల మీదున్నవాళ్లకు నేను జవాబు చెప్పుకోలేను. ఆగితే ఇక బిస్కెట్ పొట్లాలకు మారిపోతాను, మళ్లీ మీ దగ్గరకు రాలేను. ముందే చెబుతున్నాను."

ఆసుపత్రి రొట్టెలే మా బేకరీకి వెన్నెముక. అవి పోతే, మిగతా బేకరీలు మళ్లీ తెరిచాక బల్ల దగ్గర అమ్మకాలతో కట్టెల ఖర్చు కూడా రాదు. అది పెద్దమ్మకు తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ తెడ్డు నేలకు తాటించి "ఆగదు" అంది.

మర్నాడు రెట్టింపు రొట్టెలు చేశాం. బట్టీలోంచి తీసినవి తీసినట్టే బండికెక్కాయి. పెద్దమ్మ పాట కూడా పాడింది, అది వేరే కష్టం. ఎప్పట్లాగే నేను బల్ల గీకి, తొట్టి వేడినీళ్లతో తోమి బోర్లించాను. మధ్యాహ్నం తోడుపిండికి తిండి పెట్టే వేళ ఆవిడ మధ్య గదిలోకి వెళ్లింది. వెళ్లిన మనిషి బయటికి రాలేదు. చూడబోతే తోడుపిండి ఉండే కుండను ఖాళీగా ఒళ్లో పెట్టుకుని బస్తా మీద కూర్చుని ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"అంతా వేసేశానే. రెట్టింపు కావాలి కదా అని కుండ మొత్తం బోర్లించేశాను. గుప్పెడు కూడా దాచలేదు."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొత్తగా తోడు పుట్టించాలంటే రోజులు పడతాయి. ఆసుపత్రి బండి తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది.

పెదనాన్న బట్టీ ముందు నుంచి లేచి వచ్చాడు. "వీధంతా పంచింది ఇందుకేగా. వెళ్లి అడుగు."

"మొన్న శనివారమే అందరినీ దులిపేసి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఉన్నది ఒకటేగా, అదే పెట్టుకెళ్లు."

పెద్దమ్మ లేచింది. నేను వెనకాలే బకెట్టు పట్టుకుని నడిచాను. మొదట టీచరమ్మ ఇల్లు. విషయం వినగానే ఆవిడ లోపలికి పరుగెత్తి గిన్నె తెచ్చింది. నిండుగా బుడగలు వేస్తోంది. పెద్దమ్మ ప్రాణం లేచి వచ్చింది. కానీ టీచరమ్మ గిన్నె చేతికివ్వకుండా అక్కడే నిలబడిపోయింది.

"ఇది మీరిచ్చింది కాదండీ. మీరిచ్చింది కిందటేడే చచ్చిపోయింది. మీరు తిడతారని భయమేసి, మంగలివాళ్ల ఇంట్లోంచి తెచ్చుకున్నా."

మంగలివాళ్ల దగ్గరకు వెళ్తే వాళ్లదీ ఒకప్పుడు చచ్చిందే. ఆ పక్క ఇల్లూ అంతే, ఎదుటి ఇల్లూ అంతే. వీధిలో పెద్దమ్మ పంచిన గిన్నెల్లో ఒక్కటి కూడా మొదటిది మిగల్లేదు. అన్నీ చచ్చాయి, అన్నీ మళ్లీ బతికాయి. ఎక్కడినుంచి తెచ్చారని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. చివరికి అందరి వేళ్లూ ఒకే తలుపు వైపు తిరిగాయి.

టైలరు తలెత్తకుండా మిషను తొక్కుతున్నాడు. ఆయన మోకాలి పక్కన, కత్తిరించిన గుడ్డపీలికల మధ్య, మూతకు గుడ్డ కట్టిన పెద్ద జాడీ.

"నీకెవరిచ్చారు?" అంది పెద్దమ్మ. అన్నేళ్ల తర్వాత ఆయనతో ఆవిడ అన్న మొదటి మాట అది.

"మా ఆవిడ మొదట్లోనే టీచరమ్మగారి దగ్గర తెచ్చింది అక్కయ్యగారూ. నాకు పనిలో తోడుంటుందని ఇక్కడే పెట్టుకున్నా. నేను టీ తాగినప్పుడల్లా దానికీ ఓ పిడికెడు. ఎవరిది చచ్చినా నా దగ్గరకే వస్తారు. ఇందులోంచే ఇస్తా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే శనివారం మా ఇంటికి కూడా వచ్చేవారు కదా!"

మా వెనకే వచ్చిన వీధి మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. నేను తెడ్డు కోసం చూశాను, అదృష్టం కొద్దీ బేకరీలోనే వదిలేసి వచ్చింది. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నేళ్లూ నన్ను నిలువునా మోసం చేశారన్నమాట! నేను వాసన చూసి నా చేతి చలవ, నా చేతి చలవ అని మురిసిపోతుంటే, అందరూ మూతి బిగించుకుని నిలబడ్డారన్నమాట!" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "బతికించారు కదయ్యా! నాకు తెలీకుండా, నన్ను అడక్కుండా, మీలో మీరే పంచుకుని బతికించారు కదయ్యా!"

ఆ తర్వాత బకెట్టు చాల్లేదు. గిన్నెలు, టిఫిను డబ్బాలు, లోటాలు, ఒకరైతే పాలక్యాను, ఎవరింటి పిండి వాళ్లే మోసుకుంటూ బేకరీకి వచ్చారు. టైలరు జాడీని పసిపిల్లలా ఎత్తుకొచ్చాడు. ఈసారి మా కుండకూ, ఎవరి గిన్నెకు వాళ్లకూ గుప్పెడు దాచి, మిగతాదంతా తొట్టిలో పోసి పిండీ నీళ్లూ కలిపితే, పొద్దువాలే వేళకు అంచుదాకా పొంగింది. చేతులు చాలవని టీచరమ్మ కొంగు బిగించింది, మంగలి చొక్కా చేతులు మడిచాడు. టైలరు పిండిముద్దల్ని గుడ్డ కొలిచినట్టే కొలిచి కోశాడు, ఒక్కటి హెచ్చుతగ్గు లేదు. పెదనాన్న ఆనందం పట్టలేక "కట్టెలు అందుకోండి" అన్నాడు.

తెల్లారేసరికి ఆసుపత్రి బండి వచ్చింది. ఒక్క రొట్టె తగ్గకుండా నింపుకుని వెళ్లింది. బండి మలుపు తిరుగుతుంటే వీధి వీధంతా కేకలు వేసింది. నేనూ వేశాను, గొంతు పోయేలా. ఆ ఓడలన్నీ ఎక్కడ ఆగితే ఆగనీ, మా రొట్టె ఆగలేదు. గర్వంగా ఉంది, గర్వమనే చెబుతాను.

ఆ శనివారం వీధిలో ఎవరి గిన్నె వాళ్లు తుడిచి సిద్ధంగా పెట్టుకున్నారు. పెద్దమ్మ రాలేదు. పొద్దెక్కినా రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ కంగారుపడి బేకరీకి వచ్చేశారు, టైలరు ముందు.

"చూడ్డానికి రాలేదేం అక్కయ్యగారూ?"

"నేను చూసినా చూడకపోయినా బతికేదాన్ని నేనెందుకు చూడాలి? వెళ్లండి, వెళ్లి మీ గిన్నెలు మీరు చూసుకోండి" అని కసిరి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రొట్టె పెట్టి పంపేసింది. పొగగొట్టం రెండు మూరలు పైకి కట్టిస్తానని టైలరుతో గొణిగింది.

వాళ్లు వెళ్లాక పెద్దమ్మ మధ్య గదిలోకి వెళ్లి బస్తాల మీద నడుం వాల్చింది. మహమ్మారి ఏడాది నుంచి ఈ బేకరీలో పగటిపూట ఆవిడ కళ్లు మూయడం నేనెప్పుడూ చూడలేదు. బట్టీలో కట్టెలు చిటపటమంటున్నాయి, ఈవిడ గురక దాన్ని మించిపోయింది. వరసలో నిలబడ్డవాళ్లకు వినపడకుండా తలుపు దగ్గరగా వేసి, నేను బల్ల దగ్గర కూర్చుని రొట్టెలు అమ్మాను.