బాపు దోస్తు పేరు

మా బాపు గల్ఫ్‌లో పదహారేళ్లు పనిచేశాడు. లేబర్ క్యాంపులో ఒకే గదిలో ఎనిమిది మంది. అందులో ఘనా నుంచి వచ్చిన వెల్డర్ ఒకాయన బాపుకు దోస్తు. వంట వంతుల దగ్గరో, ఏసీ దగ్గరో గొడవైతే చేతులెత్తి ఓట్లతో తేల్చుకుందామని మిగతావాళ్లు అనేవాళ్లట. ఆయన ఒప్పుకునేవాడు కాదట. ఓడినవాడు కూడా ఈ గదిలోనే పడుకోవాలి కదా, ఆఖరి మనిషి సరే అనేదాకా మాట్లాడుకుందాం అని అందరినీ కూర్చోబెట్టేవాడట. లక్సెట్టిపేట దగ్గర మా ఊరికి తిరిగొచ్చాక బాపు పొలం గట్ల తగాదాలు అలాగే తెంపేవాడు. జనం ఆయనను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

నేను ఆఫ్రికా తత్వశాస్త్రంలోకి వచ్చింది ఆ ముచ్చట్లు వినే. పీహెచ్‌డీ, కరీంనగర్ కాలేజీలో ఉద్యోగం, ఆ తర్వాత పుస్తకం. దానికి పేరు తెచ్చింది ఏకాభిప్రాయం మీద రాసిన అధ్యాయం. ఓడినవాడూ అదే గదిలో పడుకోవాలన్న ఆ మాటను అందులో నా సొంత వాదనగా రాసుకున్నాను. వెల్డర్ పేరు పెడితే సెమినార్లలో నవ్వుతారనుకున్నాను.

కాలేజీలో సన్మానం పెట్టారు. ఆ అధ్యాయం సారాంశం తెలుగులో చదివి వినిపించి, బాపును వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు.

"గీ మాట నా బిడ్డది కాదు. మా రూంల ఉన్న దోస్తుది. ఆయన పేరు రాయమని చెప్పిన. రాయలే."

కోపంగా అనలేదు. మరిచిపోయినదాన్ని గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను లేచి బాపు చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"మా నాన్నగారికి గల్ఫ్ నుంచి వచ్చినప్పటి నుంచి మతి కుదురుగా ఉండటం లేదు. ఏమీ అనుకోకండి."

గొంతు కాస్త వణికించాను కూడా. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. బాపు నా మొహంలోకి ఒకసారి చూసి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రానికల్లా ఆ వీడియో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. నెల తిరక్కముందే తగాదాలు పట్టుకుని బాపు దగ్గరికి రావడం మానేశారు. నిజమేమిటో నలుగురికీ చెప్పమని అవ్వ ఫోన్లో బతిమాలింది. కన్నతల్లి అడిగినా, ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యాక చెబుతానన్నాను. ప్రమోషన్ వచ్చింది. చెప్పలేదు.

తర్వాతి వానాకాలం ఊరికి వెళ్లాను. పక్కింటి అన్నదమ్ములు బోరు నీళ్ల దగ్గర కొట్టుకునేదాకా వచ్చారు. ఎవరూ పిలవకపోయినా బాపు వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. వాళ్లలో చిన్నవాణ్ణి, వాడి చిన్నప్పుడు, బాపు భుజాల మీద మోసేవాడు. వాడే అన్నాడు: "నువ్వు ఇంటికి పో పెద్దబాపు. నీ బిడ్డనే చెప్పింది గదా."

నేను అరుగు మీద కూర్చుని పుస్తకం రెండో ముద్రణకు ప్రూఫులు దిద్దుతున్నాను. అంతా వినిపించింది. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. బాపు నా పక్కనుంచే నడిచి లోపలికి వెళ్లాడు. నేను ఆ అధ్యాయంలో ఒక కామా తీసేసి, మిగతా పేజీలు చూసుకుని, మధ్యాహ్నం బస్సుకు కరీంనగర్ వచ్చేశాను.