మా నాయన ఆరబెట్టిన మన్ను

నేను చదివిన చదువు పేరు చెబితే మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. అంతర్జాతీయ న్యాయం, వ్యాపారం కలిపి చెప్పే రెండేళ్ళ పీజీ. మా బళ్ళారి జిల్లా రూపనగుడి బస్టాండులో ఒక పెద్దాయన "అంటే లాయరా, సావుకారా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. "మల్ల దేనికమ్మా సదివేది?" అన్నాడు. ఆయనకు విడమర్చి చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. జవాబు మాత్రం నా దగ్గర ఉంది. మా నాయన దొంగ కాదని కాగితం మీద చూపించడానికి చదివాను.

మా నాయన పేరు మారన్న. పదో తరగతి పాసై, సండూరు దగ్గర దోణిమలై దారిలో ఒక ప్రైవేటు ఇనుప ఖనిజం యార్డులో శాంపిళ్ళు తీసే పనికి చేరాడు. లారీలు ఎర్రటి పొడి తెచ్చి కుప్పలు పోసేవి. ఆయన ప్రతి కుప్పలోనూ నాలుగైదు చోట్ల చిన్న పారతో తీసి, కలిపి, ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి లాబుకు పంపేవాడు. ఇనుము ఎంత ఉంది, తేమ ఎంత ఉంది అని లాబు వాళ్ళు ఒక అంకె వేసి ఇచ్చేవాళ్ళు. ఆ అంకెను నమ్మి సరుకును ఓడరేవుకు పంపి, ఓడెక్కించేవాళ్ళు. పదకొండేళ్ళు చేశాడు ఆ పని. ఎర్రదుమ్ము పట్టిన చొక్కాతో ఇంటికొచ్చేవాడు. అమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు. "ఇనుం మొగుడు దొరికినాడు నాకి" అని తిట్టుకుంటూ ఉతికేది.

రెండువేల తొమ్మిది వానాకాలంలో ఒక ఓడ సరుకు మీద గొడవ వచ్చింది. కాగితంలో చూపించిన దానికంటే సరుకులో తడి చాలా ఎక్కువ ఉందన్నారు. మా నాయనకు చెప్పింది అంతే. కంపెనీ వాళ్ళు ఒక రోజు విచారణ చేసి, లారీల కాంట్రాక్టర్ల దగ్గర లంచం తిని తేమ తక్కువ చూపించాడని ఆయన్ని పనిలోంచి తీసేశారు. కేసు కూడా పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేదని నాయన అనేవాడు. కోర్టులో ఏదో ఒక తీర్పన్నా వచ్చేది కదా అని ఆయన ఆశ.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఊళ్ళో మా నాయనకు 'దొంగ శాంపిల్' అని పేరు పడింది. ఆయన ఎవరితోనూ తగవుకు పోలేదు. దానికి కూడా "దొంగకు తేలు కుట్టినట్టుండాడు సూడప్పా" అన్నారు. మాట్లాడితే ఒకటి, మాట్లాడకపోతే ఒకటి. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి మూతికి ఏం పెడతాం?

కంపెనీ తీసేసిన రెండేళ్ళకు చెన్నై నుంచి ఒక లాయరు, కన్నడం తెలిసిన ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. శాంపిల్ ఎట్లా తీసేవాడివి, ఎట్లా కట్టేవాడివి అని రెండు గంటలు అడిగి రాసుకున్నాడు. నాయన కూర్చుని, లేచి, పార పట్టుకున్నట్టు చేతులు తిప్పి, అన్నీ చేసి చూపించాడు. పదకొండేళ్ళ పని గురించి ఆయన్ని ఎవరైనా మర్యాదగా అడిగింది ఆ ఒక్కసారే. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మా నాయన మనిషి ఉన్నాడు, లేడు. కంప్లి వైపు నుంచి వచ్చి మా ఊరి దగ్గర వరి పెట్టే చెన్నకేశవరావు గారి మడులకు నీళ్ళు కట్టే పనికి కుదిరాడు. పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు. అన్నం పెడితే తింటాడు, మరిచిపోతే అడగడు. పండగకు నవ్వడు, చావుకు ఏడవడు. మా అవ్వ పోయిన రోజు కూడా పాడె కట్టి, మోసి, స్నానం చేసి, మడికి పోయాడు. చిన్నప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చేది. అమ్మ యల్లమ్మకైతే కోపం తప్ప వేరే ఏదీ వచ్చేది కాదు. "లంచం ముట్టింటే ముట్టినానను, లేకుంటే లేదను. మూగదేవుడు మాదిరి కూకుంటే యాడ సావల్ల నేను?" అనేది. "ముట్టల్యా" అనేవాడు ఆయన. అంతే, ఇక మాట ఉండదు.

కానీ నా చదువు విషయంలో మాత్రం ఆయన నోరు విప్పేవాడు. లా చదవమన్నది ఆయనే. బళ్ళారిలో లా అయిపోయాక కోర్టులో ప్రాక్టీసు పెడతానంటే ఒప్పుకోలేదు. ఎవరో ఇచ్చిన కాలేజీ కరపత్రం జేబులోంచి తీసి నా ముందు పెట్టాడు. నాలుగు మడతలు, చెమట మరకలు.

"ఇది సదువు పాపా" అన్నాడు.

"ఇదేంటో నీకు తెలుసా నాయనా?"

"సరుకు సముద్రం దాటిపోయింది. గొడవ ఆడనే జరిగింది. నా సంగతి ఈ కోర్టుల్లో యాడ దొరుకుతాది? దొరికితే ఆడనే దొరకల్ల."

నాకు నవ్వొచ్చింది. ఏమీ తెలియని మనిషి అనుకున్నాను. ఆయన అన్నదే నిజమైంది.

బెంగళూరులో నా క్లాసులో సగం మంది కంపెనీ లాయర్ల పిల్లలు. సరుకు రేవులో ఉన్నంతసేపు బాధ్యత ఎవరిది, ఓడెక్కాక ఎవరిది, నాణ్యత కాగితం తప్పైతే నష్టం ఎవరి మీద పడుతుంది, ఒప్పందంలో ఏ దేశం చట్టం రాసుకోవాలి, ఇవీ మా పాఠాలు. మనుషులు ఉండరు వాటిల్లో. అమ్మే పార్టీ, కొనే పార్టీ, ఓడ యజమాని, అంతే. కుప్ప మీదికెక్కి మన్ను తీసేవాడు ఏ పాఠంలోనూ రాడు. నాయన ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. బాగున్నావా అని కూడా అడగడు.

"మన సంగతి వచ్చిందా?"

"రాలేదు నాయనా."

"సరే. సదువుకో."

ఒకసారి విసుగొచ్చి, "నీ సంగతి పుస్తకంలో ఎందుకొస్తుంది? నువ్వేమన్నా మంత్రివా?" అని అరిచాను. ఆయన "సరే, సదువుకో" అని పెట్టేశాడు. ఆ వారమంతా నా మీద నాకే సిగ్గేసింది.

మూడో సెమిస్టర్లో థీసిస్‌కు విషయం ఎంచుకోమన్నారు. మా ప్రొఫెసర్ రాజశ్రీ మేడం, "మీ జిల్లా ఖనిజం దేశదేశాలకూ పోయింది కదా, ఆ సరుకు మీద నడిచిన కేసేదైనా చూడు" అన్నది. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని కంప్యూటర్లో సండూరు అని కొట్టాను. లండన్‌లో ఇచ్చిన తీర్పు ఒకటి వచ్చింది. రెండువేల తొమ్మిది సరుకు గురించి, నాయనను తీసేసిన కంపెనీ మీద ఓడ యజమాని వేసిన కేసు. డెబ్బై పేజీలు. నలభయ్యొకటో పేరాలో మా నాయన ఉన్నాడు.

పేరు లేదు. శాంపిళ్ళు తీసిన మనిషి అని ఉంది. అతను లంచం తీసుకున్నాడనడానికి ఎలాంటి ఆధారమూ లేదు, అతను నిజాయితీపరుడేనని ఈ కోర్టు నమ్ముతోంది అని ఉంది. వరి పండే పల్లె నుంచి వచ్చినవాడు కాబట్టి, తడి సరుకును తూకానికి పెట్టడం మోసమని నమ్మి, ప్రతి శాంపిల్‌నూ సంచిలో కట్టే ముందు వెడల్పాటి పరాత పళ్ళెంలో పరిచి ఎండలో ఆరబెట్టేవాడని, తన ఇంటికొచ్చిన లాయరుకు అతనే స్వయంగా చెప్పాడు అని ఉంది.

మా వైపు వడ్లు ఆరబెట్టకుండా కాటా మీద పెడితే ఛీ అంటారు. నీళ్ళకు ధర కట్టించుకున్నాడంటారు. కళ్ళంలో కూలి చేసిన మా తాత నాయనకు నేర్పిన ధర్మం అది. నాయన ఆ ధర్మాన్ని తీసుకెళ్ళి ఇనుం యార్డులో పెట్టాడు. అక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. శాంపిల్‌లో ఉన్న తడి ఉన్నట్టే లాబుకు పోవాలి. అది చూసే, ఈ సరుకు ఓడెక్కించొచ్చా లేదా అని తేలుస్తారు. ఆ పొడిలో నీళ్ళు హద్దు దాటితే, ఓడ ఊగినకొద్దీ లోపల సరుకు బురదై ఒక పక్కకు జారుతుంది. ఆయన ఆరబెడుతున్నది సూపర్వైజర్లు చూశారట. అంకె తక్కువొస్తే సరుకు తొందరగా కదులుతుంది కాబట్టి ఎవరూ వద్దనలేదట. అందుకే తీర్పు కంపెనీ మీద వచ్చింది, మా నాయన మీద కాదు.

నలభై రెండో పేరా చిన్నది. బయలుదేరిన మూడో రోజు ఓడ ఒరిగిపోయింది. ముగ్గురు నావికులు చనిపోయారు.

రెండు పేరాలూ మళ్ళీ చదివాను. సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. మెస్ మూసే టైమైందని పోయి పెరుగన్నం తిన్నాను. కంచం కడిగి పెట్టాను. ఆ రాత్రి మామూలుగానే నిద్ర పట్టింది. నేనూ మా నాయన కూతుర్నే అని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం ఫోన్ వస్తే, "వచ్చింది నాయనా, ఇంటికొచ్చి చెప్తా" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. చాలాసేపు ఊపిరి వినబడింది.

దారి పొడవునా ఒకటే అనుకున్నాను. నలభయ్యొకటో పేరాలో మొదటి వాక్యం చదివి, మిగతాది మింగేయాలి. పదహారేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆ ఒక్క మాట ఇస్తే చాలు. అది మోసమే. కానీ అంతకంటే పెద్ద చదువు నా దగ్గర లేదు.

ఇంట్లో నాయన ఒక్కడే ఉన్నాడు, అమ్మ నాట్లకు పోయింది. కాగితం తీసి, ఆ వాక్యాన్ని తెలుగు చేసి చెప్పాను. లంచం తినలేదు, నిజాయితీపరుడు అని కోర్టు రాసింది అన్నాను.

"ఇంగోసారి సెప్పు."

చెప్పాను.

"ఇంగ్లీసులో ఎట్లుంటాదో అట్లనే సదువు."

చదివాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత లేచి తొట్టి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన ముఖంలో కళ చూసింది ఆ రోజే.

"దా పోదాం. హనుమేష్ సారు ఇంగ్లీసు సెప్తాడు గదా, హోటల్ కాడ అందరి ముందర ఆయప్పతో సదివిస్తా. నువ్వు సదివితే కూతురు కత అల్లిందంటారు. మొత్తం సదవల్ల, మొదట్నించీ."

మొత్తం చదివితే నలభై రెండో పేరా కూడా చదువుతాడు. సారు నోటి నుంచి, హోటల్ ముందు, వినాల్సిన మాట కాదు అది. నేనే చెప్పాలి.

"కూర్చో నాయనా" అన్నాను.

ఆరబెట్టడం సంగతి చెప్పాను. వడ్లకూ ఇనుముకూ తేడా చెప్పాను. ఓడ ఒరగడం చెప్పాను. పాఠం ఒప్పజెప్పినట్టే చెప్పాను. ఆయన తొడుక్కున్న చొక్కా గుండీల వంక చూస్తూ విన్నాడు.

"ఎంతమంది?"

"ముగ్గురు."

"పేర్లు రాసిండారా?"

"లేదు."

"యా ఊరోళ్ళు?"

"అదీ లేదు నాయనా. నీ పేరూ లేదు. తప్పు కంపెనీదే అని రాశారు. తెలిసీ నీకు చెప్పలేదు వాళ్ళు. చట్టం ప్రకారం నీ మీద ఏమీ లేదు."

"సట్టం ఇడిసిపెట్టు పాపా. ఆరబెట్టింది ఎవురి సెయ్యి?"

ఆయన లేచి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. కాగితాన్ని నాలుగు మడతలు చేసి నా చేతిలో పెట్టాడు.

"ఎవురికీ సూపొద్దు. మీ అమ్మకి గూడా."

"మరి ఊరంతా దొంగ అంటుంటే?" నాకు కోపం వచ్చింది. "దీనికోసమే కదా నన్ను చదివించింది!"

"అననీ. దొంగ ఎవుర్నీ సంపల్యా గదా." తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "దొంగతనానికి పదారేండ్లు ఐపోయింది. దీనికి ఎన్నేండ్లో మీ సదువులో రాసిండారా?"

రెండేళ్ళ నోట్సులూ ఒక్కసారి తిరగేసుకున్నాను. నష్టం ఎవరిదో ఉంది, ఎంతో ఉంది, ఎన్నాళ్ళలో అడగాలో ఉంది.

"రాయలేదు నాయనా" అన్నాను.