చిన్న ముద్దలు ఏమైతయి?

గోపన్‌పల్లి పక్కనున్న విశ్వవిద్యాలయంలో మధ్యాహ్నం మూడింటికి మా చెల్లి స్వరూప తన పరిశోధన గురించి మొదటిసారి అందరి ముందు మాట్లాడాలి. "అక్కా, నువ్వు రాకుంటే నాకు నోరే రాదే" అంది ఫోన్‌లో. మా జనగామ యాస విని ఇంటర్‌లో తోటి పిల్లలు నవ్వినప్పటి నుంచి దానికి నలుగురిలో మాట్లాడాలంటే భయం. ఆ రోజేమో తెలంగాణ బంద్. దవాఖానలో నర్సు డ్యూటీ నుంచి ముందే సెలవడిగి, పన్నెండున్నరకు మూసాపేట రోడ్డెక్కితే ఒక్క బస్సూ లేదు. చివరికి యాదయ్య అనే ఆటో ఆయన రెండు వందలకు ఒప్పుకున్నాడు.

కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీ చేరేసరికి ఒంటిగంటన్నర. అద్దాల ఆఫీసుల ముందు రోడ్డు మీద కూర్చున్న ఉద్యమకారులు ఆటో ఆపారు.

"బంద్ ఉంటే యాడికి వోతున్నరక్కా?" అన్నాడు జెండా పట్టుకున్నాయన.

"మా చెల్లె యూనివర్సిటీల మాట్లాడుతది అన్నా. గెలాక్సీలు ఎట్ల తయారైనయో చెప్తదట. మాది జనగామ."

ఆయన ముఖం వెలిగింది. "పోనియ్యుండ్రి! మన పిల్ల చుక్కల ముచ్చట చెప్తదంట!"

గచ్చిబౌలి దాటి రెండున్నరకు చేరాం. బంద్‌లో తిరిగి వెళ్లలేక యాదయ్య కూడా నాతో పాటు వెనక వరసలో కూర్చున్నాడు. స్వరూప ఇంగ్లిష్‌లో, మొదట వణుకుతూనే చెప్పింది. నాకు అర్థమైనంత యాదయ్యకు తెలుగులో మెల్లగా చెప్తూ పోయాను. తొలినాటి గెలాక్సీల్లో వాయువు పెద్ద పెద్ద ముద్దలుగా చీలి, వాటిలో నక్షత్రాలు పుడతాయట. బరువైన ముద్దలు మెల్లగా నడిమికి జారి కలిసిపోతే మధ్యలో ఉబ్బు తయారవుతుందట.

ప్రశ్నలడగమనగానే యాదయ్య చెయ్యెత్తాడు. "అమ్మా, మరి చిన్న ముద్దలు ఏమైతయి? ఖతమేనా?"

హాలంతా వెనక్కి తిరిగింది. స్వరూప మాత్రం నవ్వింది.

"ఖతం కావన్నా. అండ్ల పుట్టిన చుక్కల వేడికే ఆ ముద్దలు చెదిరిపోతయి. చుక్కలు మాత్రం చుట్టూ పళ్లెం లెక్క పరుచుకుంటయి. నా పని మొత్తం గీ ప్రశ్న మీదనే."

గొంతులో వణుకు లేదు. ముందు వరసలోని ప్రొఫెసర్ చప్పట్లు మొదలుపెట్టారు. నాకు కళ్లలో నీళ్లాగలేదు. యాదయ్య పక్కవాళ్లతో "మా అక్క చెల్లెలు" అని చెప్పుకుంటున్నాడు.

ఆ పిల్లను నేను పెంచాను, చదివించాను. కానీ దాని మాట ఎంత గట్టిదో ఆ రోజే తెలిసింది. మీరూ ఇలాంటి ఉపన్యాసాలకు వెళ్లాలనుకుంటే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, గేటు నుంచి హాలు చాలా దూరం కాబట్టి ఆటోను లోపలిదాకా తీసుకెళ్లండి. డ్రైవర్‌ను బయట కూర్చోబెట్టకండి.